లిగమెంటం అని మొదలయ్యే పేరును ఎలా చదవాలి

ఆదోని, కదిరి, జమ్మలమడుగు లాంటి ఊళ్ళ నుంచి వచ్చి కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో మెడికల్ కాలేజీలో చేరిన పిల్లలకు అనాటమీ పుస్తకం తెరవగానే టెన్షన్ పట్టుకుంటుంది. ఎముకల పేర్లు ఎలాగో నోటికి వస్తాయి. కండరాలు కూడా కొన్నాళ్ళకు వస్తాయి. ఎముకలను కలిపి కట్టే పట్టీలు, అంటే లిగమెంట్ల దగ్గరికి వచ్చేసరికి మూడేసి మాటల లాటిన్ పేర్లు వరసగా ఎదురవుతాయి, అక్కడ బట్టీ మొదలవుతుంది. ఫిజియోథెరపీ, నర్సింగ్ చదివేవాళ్ళ అవస్థ కూడా ఇదే.

బట్టీ పట్టకండి. ఆ పేర్లలో ప్రతి మాటకూ అర్థం ఉంది, ప్రతి చివరి అక్షరానికీ పని ఉంది. ఆ పని తెలిస్తే ఎన్నడూ చూడని పేరు వచ్చినా అది ఒంట్లో ఎక్కడుందో, ఒకటో చాలానో, దేన్ని దేనికి కడుతుందో మీరే చెప్పగలరు. ఇంకో సంగతి. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్ళు మనలో బోలెడంతమంది. అప్పుడు చదివిన ఫలం, ఫలే, ఫలాని ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. తెలుగు తీసుకున్నవాళ్ళు కంగారు పడొద్దు, కావలసినంత వ్యాకరణం కింద చెబుతున్నాను.

మొదటి మెట్టు: పేరును వెనక నుంచి చదవండి

ఈ లాటిన్ పేర్లలో వస్తువు పేరు ముందు వస్తుంది, దాని గురించి చెప్పే మాటలు తర్వాత వస్తాయి. మనకు అటుదిటు. ఎర్ర చీర అంటాం గానీ చీర ఎర్ర అనం. కాబట్టి పేరును చివరి మాట నుంచి మొదటి మాటకు చదివితే తెలుగు వరస దానంతటదే వచ్చేస్తుంది.

లిగమెంటం కాపిటిస్ ఫీమోరిస్ తీసుకోండి. చివరి మాట ఫీమోరిస్, అంటే తొడ ఎముకది. దాని ముందు కాపిటిస్, అంటే తలది. దాని ముందు లిగమెంటం. వెనక నుంచి కూడితే తొడ ఎముక తల లిగమెంట్. తొడ ఎముక పైకొనలో బంతిలా ఉండే భాగాన్ని తల అంటారు గనక ఈ లిగమెంట్ తుంటి కీలు లోపల ఉందని అప్పుడే తెలిసిపోయింది. అలాగే లిగమెంటం లాంగిట్యూడినాలే ఆంటీరియస్ అంటే ముందరి నిలువు లిగమెంట్, వెన్నుపూసల ముందువైపు పైనుంచి కిందకు పరిచి ఉంటుంది. లిగమెంటం టెరెస్ హెపాటిస్ అంటే కాలేయపు గుండ్రటి లిగమెంట్.

మోకాలి గురించి మనం క్లాసులో వినే ఆంటీరియర్ క్రూసియేట్ లిగమెంట్ ఇంగ్లీషు వరస. అది తెలుగు వరసతో కలుస్తుంది గనక ఇబ్బంది లేదు. అనాటమీ బొమ్మల పుస్తకం అట్లాసులో బొమ్మ పక్కన లిగమెంటం క్రూసియేటం ఆంటీరియస్ అని చూసినప్పుడు ఇది వేరేదేమో అనిపిస్తుంది. వేరేది కాదు, మాటలు తిరగబడ్డాయి, అంతే.

ఇక లిగమెంటం అన్న మాట. లాటిన్‌లో లిగారే అంటే కట్టడం. కట్టేది లిగమెంటం. ఆపరేషన్ థియేటర్‌లో రక్తనాళాన్ని దారంతో ముడివేయడాన్ని లైగేషన్ అంటారు, ఆ దారం లిగేచర్, రెండూ ఆ ధాతువు నుంచి వచ్చినవే. గ్రీకులో కట్టుకు డెస్మోస్ అనే మాట ఉంది. రెండు ఎముకలు పీచు కణజాలంతో కలిసి ఉండే కీలును సిన్‌డెస్మోసిస్ అనేది అందుకే.

రెండో మెట్టు: ఒకటా, చాలానా?

లిగమెంటం అంటే ఒకటి. లిగమెంటా అంటే ఒకటి కంటే ఎక్కువ. లాటిన్, సంస్కృతం ఒకే భాషా కుటుంబానివి. నపుంసక లింగంలో ఏకవచనం చివర అక్కడ ఉమ్ అయితే ఇక్కడ అం. ఫలం, లిగమెంటం పక్కపక్కన పెట్టి చూడండి. బహువచనంలో ఫలాని అయినట్టు అక్కడ లిగమెంటా అవుతుంది.

ఇక్కడ చాలామంది తడబడతారు. ఆర్టీరియా అనే మాట కూడా ఆ తోనే ముగుస్తుంది, కానీ అది స్త్రీలింగ ఏకవచనం, ఒకే ధమని. దాని బహువచనం ఆర్టీరియే. చివర ఆ కనిపించగానే ఒకటి అనో చాలా అనో తేల్చేయకండి. మూలం అం తో ముగిసే మాటా కాదా అన్నది ముందు చూడండి. సెప్టం–సెప్టా, ఏట్రియం–ఏట్రియా, ఆస్టియం–ఆస్టియా ఇవన్నీ లిగమెంటం బాపతు. లిగమెంటాస్ అని ఎస్ చేర్చి రాసేవాళ్ళున్నారు. లిగమెంటా అప్పటికే బహువచనం, దానికి ఇంకో బహువచనం అక్కర్లేదు.

అట్లాసులో చోటు చాలక పొట్టిగా రాస్తారు. ఎల్, ఐ, జి రాసి చుక్క పెడితే ఒక లిగమెంటం. జి రెండుసార్లు రాసి చుక్క పెడితే లిగమెంటా. కండరానికి ఎం, చాలా కండరాలకు రెండు ఎంలు. నరానికి ఎన్, ధమనికి ఏ, సిరకు వి, వీటికీ ఇదే పద్ధతి. ఇది తెలియక రెండు జిలు ఉన్నచోట అచ్చుతప్పు అనుకునేవాళ్ళు ఉంటారు.

ఒకటా చాలానా అన్నది మార్కుల కోసం చూసే సంగతి కాదు. లిగమెంటా ఫ్లేవా అని బహువచనంలో ఉందంటే అది ఒక పొడుగు పట్టీ కాదని అర్థం. మెడలో రెండో పూస నుంచి నడుం కింది త్రికాస్థి దాకా, పక్కపక్క పూసల ల్యామినాల (పూస వెనకవైపు పలకల) మధ్య వేరువేరుగా ఉంటాయి. లిగమెంటం లాంగిట్యూడినాలే ఆంటీరియస్ మాత్రం పై నుంచి కింద దాకా ఒకే పట్టీ, అందుకే ఏకవచనం. పేరు చూసే బొమ్మ గీసుకోవచ్చు.

మూడో మెట్టు: పక్క మాట చివర చూడండి

ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడండి. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

సంస్కృతంలో యల్లింగం యద్వచనం అనే శ్లోకం గుర్తుందా? విశేష్యానికి ఏ లింగం, ఏ వచనం, ఏ విభక్తి ఉంటే విశేషణానికీ అదే రావాలి. లాటిన్‌లోనూ ఇదే చట్టం. లిగమెంటం నపుంసకం గనక దాని పక్కనున్న విశేషణం కూడా నపుంసక రూపంలోనే ఉండాలి. ఆ రూపాలు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటి రకం లిగమెంటం లాగానే అం, ఆ. ఫ్లేవం, ఫ్లేవా. క్రూసియేటం, క్రూసియేటా. లాటం, ట్రాన్స్‌వర్సం, ఆర్టీరియోసం, వీనోసం ఇందులోవే.

రెండో రకం ఏకవచనంలో ఏ, బహువచనంలో ఇయా. లాటెరాలే, లాటెరాలియా. ఇంటర్‌స్పినాలే, ఇంటర్‌స్పినాలియా. ఫాల్సిఫార్మే కూడా ఇదే. ఫాల్క్స్ అంటే కొడవలి, ఫార్మే అంటే ఆకారం గలది. కాలేయాన్ని పొట్ట ముందుగోడకు కలిపే కొడవలి ఆకారపు మడత అది. ఇవే విశేషణాలు పుంలింగం, స్త్రీలింగం పక్కన ఇస్ తో ముగుస్తాయి. ఆర్టీరియా టిబియాలిస్, కానీ లిగమెంటం కొల్లాటెరాలే టిబియాలే.

మూడో రకం పోలిక చెప్పే మాటలు. ఇంకా ముందున్నది, ఇంకా వెనకున్నది, ఇంకా పైనున్నది. కండరానికీ ధమనికీ ఆంటీరియర్ అనే వాడతారు. లిగమెంటం పక్కన అది ఆంటీరియస్ అవుతుంది, చాలా ఉంటే ఆంటీరియోరా. పోస్టీరియస్, సుపీరియస్, ఇన్ఫీరియస్ అన్నీ ఇలాగే. లిగమెంటం క్రూసియేటం ఆంటీరియర్ అని రాస్తే అది సగం లాటిన్, సగం ఇంగ్లీషు. వైవాలో ఎగ్జామినర్ వదిలేసినా మీరు మాత్రం వదలకండి.

టెరెస్ ఒక్కటి వేరు. గుండ్రంగా, తాడులా ఉన్నదని అర్థం. మూడు లింగాలకూ ఏకవచనంలో మారదు. మస్క్యులస్ టెరెస్ మేజర్, లిగమెంటం టెరెస్ హెపాటిస్, రెండు చోట్లా అదే టెరెస్.

ఈ నియమం ఎంత పదునైనదో ఒక్క ఉదాహరణ చాలు. చిన్నపేగు మొదటి భాగం, దాని తర్వాతి భాగమైన జెజునం కలిసే వంపును పైకి పట్టి ఉంచే కట్టును లిగమెంట్ ఆఫ్ ట్రైట్జ్ అంటాం. లిగమెంటుగా రాస్తే సస్పెన్సోరియం అనాలి. కానీ అందులో కండర తంతువులు ఉన్నాయి గనక లాటిన్ జాబితాలో దాన్ని మస్క్యులస్ సస్పెన్సోరియస్ డుయోడెనై అని రాశారు. ముందు మాట పుంలింగం కాగానే పక్క మాట చివర కూడా మారిపోయింది.

నాలుగో మెట్టు: ఎవరిది? ఎక్కడి నుంచి ఎక్కడికి?

పేరులో మిగిలిన మాట రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి షష్ఠీ విభక్తి, ఫలానాదాని యొక్క. పటెల్లే అంటే మోకాలి చిప్పది. హెపాటిస్ కాలేయానిది, యూటెరై గర్భాశయానిది, రేడియై ముంజేతిలోని రేడియస్ ఎముకది, అట్లాంటిస్ మొదటి మెడపూసది, న్యూకే మెడ వెనుక భాగానిది. ఈ న్యూకా అనే మాట మధ్యయుగంలో అరబ్బీ వైద్య గ్రంథాల నుంచి లాటిన్‌లోకి వచ్చింది. జీనస్ చూసి మోసపోకండి. ఇంటర్ బోటనీలో చదివిన ప్రజాతి కాదది, మోకాలిది అని అర్థం. లిగమెంటా క్రూసియేటా జీనస్ అంటే మోకాలిలో ఒకదానికొకటి అడ్డంగా దాటే లిగమెంట్లు.

షష్ఠికి ఒక సుగుణం ఉంది. విశేషణంలాగా అది లిగమెంటాన్ని చూసి మారదు. లిగమెంటం ఒకటైనా పదైనా హెపాటిస్ హెపాటిస్‌గానే ఉంటుంది.

రెండో రకం రెండు ఎముకల పేర్లో, ఎముక భాగాల పేర్లో అతికించినది. టాలోఫిబ్యులారే అంటే చీలమండలోని టేలస్ ఎముక నుంచి, మోకాలి కింద బయటి పక్కనుండే సన్న ఎముక ఫిబ్యులాకు. ఇలియోఫీమోరాలే, సాక్రోస్పినాలే, కోరాకోక్లావిక్యులారే అన్నీ ఇలాంటివే. మధ్యలో ఓ వచ్చిందంటే అక్కడ అతుకు ఉన్నట్టు. ఆ ఓ దగ్గర పేరును విరగ్గొట్టండి, రెండు కొసలూ దొరుకుతాయి. కీలు బొమ్మ చూడకుండానే లిగమెంట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పేయొచ్చు. అటాచ్‌మెంట్స్ రాయమని అడిగే ప్రశ్నకు సగం జవాబు పేరులోనే ఉందన్నమాట.

కొన్నిటికి ఆలే, కొన్నిటికి ఆరే ఎందుకు వస్తుందని తెలివైన పిల్లలు అడుగుతారు. మూలంలో ల దగ్గరలో ఉంటే చాలావరకు ఆరే వస్తుంది, రెండు లలు పక్కపక్కన పలకడం కష్టమని. ఫిబ్యులా నుంచి ఫిబ్యులారే, క్లావిక్యులా నుంచి క్లావిక్యులారే. టిబియాలో ల లేదు గనక టిబియాలే.

పేరు పెట్టడంలో ఎవరి వైపు నుంచి చూశారన్నది కూడా గమనించండి. మోకాలిలో ముందరి క్రూసియేట్ అన్నారంటే అది మోకాలి కింది పెద్ద ఎముక టిబియా మీద ముందువైపు అతుక్కున్నది అని. పైన తొడ ఎముక దగ్గరికి వెళ్ళేసరికి అది వెనక్కి పోతుంది. ఇది తెలియకపోతే డిసెక్షన్ టేబుల్ దగ్గర ఏది ముందరిదో ఏది వెనకదో తికమకే.

ఐదో మెట్టు: నిజంగా ఎముకను ఎముకకు కడుతుందా?

స్కూల్లో సంధిబంధనం అని చదివాం. ఎముకకు ఎముకను కట్టేది లిగమెంట్, కండరాన్ని ఎముకకు కట్టేది టెండాన్ అని. అనాటమీలో ఈ నిర్వచనం సగం దూరమే వస్తుంది. పాతకాలపు అనాటమిస్టులు దేన్ని దేనికి కట్టినట్టు కనిపించినా లిగమెంటం అన్నారు. కాబట్టి పేరు విప్పాక ఒక్క ప్రశ్న వేసుకోండి, ఇది ఏ జాతిది అని.

కీళ్ళ దగ్గరివి అసలు సిసలు లిగమెంట్లు. చీలమండ బెణికితే, అంటే పాదం లోపలికి మడతపడితే, ఎక్కువసార్లు దెబ్బతినేది లిగమెంటం టాలోఫిబ్యులారే ఆంటీరియస్. కబడ్డీ ఆడే పిల్లలు మోకాలు తిరిగి పడిపోయినప్పుడు అనుమానించాల్సింది ముందరి క్రూసియేట్‌ను.

పొట్టలో ఉండేవి వేరు. లిగమెంటం ఫాల్సిఫార్మే, లిగమెంటం లాటం యూటెరై, ఇవి పొట్ట లోపలి గోడను, అవయవాలను కప్పే పెరిటోనియం పొర మడతలు. వీటికి ఎముకతో సంబంధం లేదు. కీలు లిగమెంట్‌కున్న బలం వీటికి ఉండదు. వాటి మధ్యలోంచి రక్తనాళాలు వెళ్తాయి, సర్జన్‌కు ముఖ్యం అదే.

మూడో జాతి నాకు అన్నిటికంటే ఇష్టం. తల్లి కడుపులో ఉన్నప్పుడు పనిచేసి, పుట్టాక మూసుకుపోయి తాడులా మిగిలిపోయినవి. గర్భంలో బిడ్డ ఊపిరితిత్తులు గాలి పీల్చవు. అందుకని ఊపిరితిత్తుల ధమని నుంచి రక్తం డక్టస్ ఆర్టీరియోసస్ అనే అడ్డదారిలో మహాధమని అయోర్టాలోకి పోతుంది. పుట్టాక ఆ దారి మూసుకుని లిగమెంటం ఆర్టీరియోసం అవుతుంది. డక్టస్ పుంలింగం గనక ఆర్టీరియోసస్, లిగమెంటం నపుంసకం గనక ఆర్టీరియోసం. మూడో మెట్టులో చెప్పిన చట్టం ఇక్కడ శరీరంలోనే కనిపిస్తుంది. గొంతుకు వెళ్ళే ఎడమవైపు రికరెంట్ లారింజియల్ నరం దీని పక్కనుంచే అయోర్టా కిందుగా చుట్టి పైకి వెళ్తుంది. అలాగే డక్టస్ వీనోసస్ పోయి లిగమెంటం వీనోసం, ఎడమ బొడ్డు సిర పోయి లిగమెంటం టెరెస్ హెపాటిస్. కాలేయం గట్టిపడి, పేగుల నుంచి దానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగినవాళ్ళలో ఈ టెరెస్ పక్కనున్న సన్నటి సిరలు ఉబ్బి, బొడ్డు చుట్టూ మెలికలు తిరిగి కనిపిస్తాయి. ఎప్పుడో మూసుకుపోయిన దారి పక్కనే రక్తం మళ్ళీ దారి వెతుక్కుంటుంది.

నిర్వచనానికి ఎదురుతిరిగేది ఇంకొకటి ఉంది, లిగమెంటం పటెల్లే. చిప్ప నుంచి టిబియాకు, అంటే ఎముక నుంచి ఎముకకు వెళ్తుంది, కాబట్టి లిగమెంటం. కానీ అది తొడ ముందు కండరం క్వాడ్రిసెప్స్ టెండాన్ కొనసాగింపు, చిప్ప ఆ టెండాన్ లోపల పుట్టిన ఎముక. అందుకే ఆర్థోపెడిక్స్ పుస్తకాల్లో దాన్నే పటెల్లార్ టెండాన్ అని కూడా రాస్తారు. రెండూ ఒకటే.

ఆరో మెట్టు: చేత్తో తాకి చూడండి

కుర్చీలో కూర్చుని కాలు వేలాడేయండి. చిప్ప కింది కొస మీద బొటనవేలు పెట్టి కిందకు జరపండి. గట్టి పట్టీలా తగిలి, టిబియా మీది బొడిపె దగ్గర ఆగుతుంది. అది లిగమెంటం పటెల్లే. డాక్టరు సుత్తితో కొట్టి కాలు ఎగురుతుందా అని చూసేది దాని మీదే.

ఇప్పుడు ఆ కాలి చీలమండను ఎత్తి రెండో మోకాలి మీద అడ్డంగా పెట్టి, పైకాలి మోకాలిని వదులుగా బయటికి వాల్చండి. మోకాలి బయటి పక్కన వేలితో వెతకండి. పెన్సిలంత లావు తాడు ఒకటి బిగుసుకుని ఉంటుంది, అడ్డంగా వేలితో మీటితే కదులుతుంది. ఫిబ్యులా తల నుంచి తొడ ఎముక బయటి పక్కకు వెళ్ళే లిగమెంటం కొల్లాటెరాలే ఫిబ్యులారే అది. కాలు చాపేస్తే అంత తేలికగా దొరకదు. ఒకసారి తాకినవాళ్ళు ఆ పేరు ఇక మరచిపోరు.

మాంసం తినే ఇంటివాళ్ళయితే ఆదివారం మటన్ కొట్టుకు వెళ్ళినప్పుడు మెడ ముక్క అడిగి చూడండి. మెడ పైభాగంలో పసుపు పచ్చని, దళసరి పట్టీ ఉంటుంది. కొట్టువాళ్ళు దాన్ని కోసి పక్కన పారేస్తారు, ఎంత ఉడికించినా మెత్తబడదు గనక. రెండు కొసలూ పట్టుకుని లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. అదే లిగమెంటం న్యూకే. మేక తల బరువును రోజంతా మోసేది అదే. రెండు కాళ్ళ మీద నిలబడే మనకు తల వెన్ను పైన నిలిచి ఉంటుంది గనక మన న్యూకే పల్చగా ఉంటుంది. ఆ పసుపు రంగు ఎలాస్టిన్ అనే ప్రొటీన్‌ది. లిగమెంటా ఫ్లేవాలో కూడా ఎలాస్టిన్ ఎక్కువ, ఫ్లేవస్ అంటే లాటిన్‌లో పసుపు రంగు. తొడ కొట్టేటప్పుడు తుంటి గిన్నె నుంచి బంతిని ఎలా విడదీస్తారో చూడండి. బంతి నడినెత్తి నుంచి పొట్టి తాడు ఒకటి గిన్నెలోకి వెళ్తూ కనిపిస్తుంది. మొదటి మెట్టులో చదివిన లిగమెంటం కాపిటిస్ ఫీమోరిస్ మీ కళ్ళ ముందు ఉన్నట్టే.

ఏడో మెట్టు: రెండు పేర్లు ఉన్నప్పుడు ఏది వాడాలి

19వ శతాబ్దం చివరికి ఒక్కో భాగానికి దేశానికో పేరు, ప్రొఫెసర్‌కో పేరు అయి గందరగోళమైంది. 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అనాటమిస్టులు కూర్చుని లాటిన్ పేర్లతో ఒక జాబితా ఖాయం చేశారు. 1955లో పారిస్‌లో దాన్ని సవరించారు. 1998లో టెర్మినోలాజియా అనాటమికా వచ్చింది, 2019లో దాని రెండో కూర్పు. కనిపెట్టినవాళ్ళ పేర్లు తీసేసి, ఉన్న చోటును, రూపాన్ని చెప్పే పేర్లు పెట్టాలన్నది వీటి ఉద్దేశం. పూపార్ట్ లిగమెంట్ అన్నది లిగమెంటం ఇంగ్వినాలే అయింది. బిగెలో పేరున్నది లిగమెంటం ఇలియోఫీమోరాలే అయింది. వార్డులో సీనియర్లు ఇప్పటికీ పాత పేర్లే అంటారు. వినగానే పట్టుకోవడానికి రెండూ తెలిసి ఉండాలి, రాసేటప్పుడు మాత్రం చోటును చెప్పే పేరే రాయండి. అందులో సమాచారం ఉంది.

అన్ని లిగమెంట్లనూ లాటిన్‌లో నేర్చుకోవాలా అంటే, అక్కర్లేదు. మన పరీక్ష ఇంగ్లీషులో. ఇంగ్లీషులో కూడా లాటిన్ రూపంలోనే వాడేవి కొన్నే: ఫ్లేవం, న్యూకే, ఆర్టీరియోసం, వీనోసం, టెరెస్. వీటిని అచ్చంగా నేర్చుకోండి, మిగతావాటికి చదివి అర్థం చేసుకునే శక్తి ఉంటే చాలు. కానీ టెరెస్ అని ఒంటరిగా రాయకండి. కాలేయానిదీ ఉంది, గర్భాశయానిదీ ఉంది, తుంటిలోని దాన్ని కూడా పాత పుస్తకాల్లో టెరెస్ అనే అనేవారు. ఎవరిదో చెప్పే షష్ఠి మాట లేకపోతే ఆ పేరు పూర్తి కాదు.

ఎనిమిదో మెట్టు: రిపోర్టు చదివి పేషెంటుకు చెప్పడం

ఇది విద్యార్థులకే కాదు, ఇంట్లో ఎవరిదైనా ఎమ్మారై రిపోర్టు చేతికి వచ్చినవాళ్ళకూ పనికొస్తుంది. మన జిల్లాల్లో వేరుశనగ చేలో వంగి వంగి పనిచేసి నడుంనొప్పితో వచ్చేవాళ్ళకు లెక్కలేదు. పెద్దవయసువాళ్ళ నడుం రిపోర్టులో లిగమెంటం ఫ్లేవం హైపర్‌ట్రఫీ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. చదివి బెంబేలెత్తకండి. ఏదో తెగిందని కాదు దాని అర్థం. వెన్నుపూసల మధ్య ఉండే పసుపు లిగమెంట్ దళసరి అయింది అని. దానివల్ల నరాలు వెళ్ళే దారి ఎంత ఇరుకైంది, కాళ్ళలో తిమ్మిరి, కొంతదూరం నడిచాక లాగడం ఉన్నాయా అన్నది డాక్టరు మనిషిని పరీక్షించి తేలుస్తారు. కాగితం ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కాలు బలం తగ్గినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆ లిగమెంటం ఫ్లేవంనే మత్తు డాక్టర్లు రోజూ సూదికొసతో కలుసుకుంటారు. సిజేరియన్‌కు వెన్నులో మత్తు ఇచ్చేటప్పుడు సూది చర్మం, దాని కింది కొవ్వు దాటి, లిగమెంటం సుప్రాస్పినాలే, ఇంటర్‌స్పినాలే, తర్వాత ఫ్లేవం దాటాలి. ఫ్లేవం దగ్గర సూదికి గట్టిగా అడ్డు తగులుతుంది, దాటగానే ఒక్కసారి సడలినట్టు చేతికి తెలుస్తుంది. వరస గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు. సుప్రాస్పినాలే అంటే వెన్నుపూసల వెనక పొడుచుకొచ్చిన ముళ్ళ మీద ఉండేది, ఇంటర్‌స్పినాలే అంటే ఆ ముళ్ళ మధ్య ఉండేది.

ఇక పేషెంటుతో మాట్లాడేటప్పుడు. మన దగ్గర సిర అయినా నెర్వ్ అయినా టెండాన్ అయినా అన్నిటికీ నరమే. మీరు లిగమెంట్ తెగింది అని ఊరుకుంటే అవతలివాళ్ళకు వినిపించేది నరం తెగిందని, వాళ్ళకు కనిపించేది కాలు పడిపోవడం.

"నరం తెగిపాయనా సారూ? ఇంక నడిచేది లేదా?"

"నరం బాగుంది పెద్దాయనా. ఎముకకు ఎముకను పట్టి ఉంచే పట్టీ ఒకటి సగం చిరిగింది. కాలు పడిపోయేది కాదు."

అంత చెబితే చాలు, మొహంలో భయం తగ్గుతుంది, తర్వాత చెప్పే జాగ్రత్తలు చెవికెక్కుతాయి. రిపోర్టులో స్ప్రెయిన్ అంటే పీచులు సాగాయి, పార్షియల్ టేర్ అంటే కొన్ని తెగాయి, కంప్లీట్ టేర్ అంటే పూర్తిగా తెగింది అని విడమరిచి చెప్పండి. కొత్తగా బెణికిన కీలును లాగి సరిచేయించడం, గట్టిగా తైలం రుద్దించడం వద్దని కూడా అప్పుడే చెప్పండి. ఎముక విరిగిందో లేదో తెలియకుండా లాగితే నష్టం ఎక్కువ.

సాధన

నోట్సులో పేరు రాసి, పక్కన దాన్ని తిరగేసిన తెలుగు రాసి, ఆ పక్కన ఏ జాతిదో రాసుకుంటూ పోండి. మొదట ఈ నాలుగు విప్పి చూడండి. కింది జవాబులు చేత్తో మూసుకుని ప్రయత్నించండి.

లిగమెంటం టాలోఫిబ్యులారే పోస్టీరియస్. లిగమెంటం ట్రాన్స్‌వర్సం అట్లాంటిస్. లిగమెంటా అలారియా. లిగమెంటం కాల్కేనియోనావిక్యులారే ప్లాంటారే.

మొదటిది వెనకవైపు టేలస్ నుంచి ఫిబ్యులాకు, ఒక్కటే. రెండోది మొదటి మెడపూస అడ్డ లిగమెంట్. రెండో పూస నుంచి పైకి లేచిన పన్నులాంటి భాగాన్ని ఇది వెనక నుంచి పట్టి ఉంచుతుంది, తెగితే ఆ పన్ను వెన్నుపాము మీదికి జరిగే ప్రమాదం ఉంది. మూడోది బహువచనం. ఆలా అంటే రెక్క, ల ఉంది గనక అలారే, చాలా గనక అలారియా. ఆ పన్ను నుంచి రెండు పక్కలా రెక్కల్లా పుర్రె అడుగుకు వెళ్ళి, తల మరీ తిరిగిపోకుండా ఆపుతాయి. నాలుగోది అరికాలి వైపున మడమ ఎముక నుంచి పాదం మధ్యలోని నావిక్యులార్ ఎముకకు వెళ్ళేది, స్ప్రింగ్ లిగమెంట్ అని క్లాసులో వినే ఉంటారు. టేలస్ తల దీని మీదే ఆనుతుంది, ఇది సాగిపోతే పాదం లోపలి వంపు కుంగి అరికాలు చదునవుతుంది.